ఇన్సూరెన్స్ నేను చూస్కుంట తియ్

పెళ్ళయిన తొమ్మిదేళ్ళూ అతన్ని నేను మీరు అనే పిలిచాను. మా గుంటూరు వైపు ఇళ్ళలో అదే అలవాటు, నాకు వేరే తెలియదు. విడాకుల మీద జడ్జి సంతకం పడిన వారం, ఇక్కడ మిషిగన్‌లో, ట్రాయ్ అనే ఊళ్ళో మా పాత ఇంటి ముందు నిలబడి, పిల్ల సామాను నా కారులో సర్దుతున్న అతనితో "డిక్కీ గట్టిగా వెయ్. నువ్వెప్పుడూ సగమే వేస్తావ్" అన్నాను. ఆ నువ్వు విని అతను తలెత్తి చూశాడు. చెంప మీద కొట్టినట్టయింది మొహం. నాకు కడుపు నిండింది. ఇన్నేళ్ళూ ఈ సుఖం ఎందుకు వదులుకున్నానా అనుకుంటూ ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ వచ్చాను.

నేను రాయాలనుకున్నది మా అమ్మాయి ఇన్సూరెన్స్ గురించి. అతను లేకుండా రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను, కుదరలేదు. మధ్యలో ఎక్కడైనా నా నోరు ఎక్కువైందనిపిస్తే నన్ను తిట్టుకోకండి, అతన్ని తిట్టుకోండి.

మా అమ్మాయికి ఇప్పుడు ఏడేళ్ళు. నడక వచ్చిన కొత్తలోనే ఆస్తమా బయటపడింది. మిషిగన్ చలి సంగతి తెలిసిందే. అక్టోబర్ వస్తే చాలు, పిల్ల ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. రాత్రిళ్ళు దాన్ని భుజాన వేసుకుని ఎమర్జెన్సీకి పరిగెత్తడం, వాళ్ళు మాస్క్ పెట్టి మందు పీల్పించి పంపడం, మళ్ళీ వారానికి అదే కథ. డాక్టర్లను మార్చాం, మందులు మార్చాం, ఇంట్లో కార్పెట్లు పీకించాం. చివరికి ఒక డాక్టరమ్మ దొరికింది. పిల్లల ఊపిరితిత్తులే చూస్తుంది. మొదటిరోజే మా పిల్లని బల్ల మీద కూర్చోబెట్టి, ఇన్‌హేలర్ ఎలా పీలుస్తోందో చూసి, ఇన్నాళ్ళూ మందు సగం గొంతులోనే ఆగిపోతోందని చెప్పింది. మళ్ళీ మొదటినుంచి నేర్పింది. మందు కూడా మార్చింది. ఆ చలికాలం మా పిల్ల మంచులో పరిగెత్తింది. పడి, లేచి, ఒళ్ళంతా మంచుతో మళ్ళీ పరిగెత్తింది. నేను కిటికీ దగ్గర నిలబడి ఏడ్చాను.

ఆ డాక్టరమ్మ అతని కంపెనీ ఇన్సూరెన్స్ తీసుకుంటుంది. నాది తీసుకోదు. ఈ మొత్తం తగవు ఈ రెండు వాక్యాల మీదే నడిచింది.

నాది కాంట్రాక్ట్ ఉద్యోగం. ఒక కన్సల్టెన్సీ నాకు హెచ్‌వన్ వీసా చేసి, కార్ల విడిభాగాల కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కి పెట్టింది. ఆ కన్సల్టెన్సీ ఇచ్చే ఇన్సూరెన్స్ జలుబు చేస్తే పనికొస్తుంది, అదీ తొందరగా తగ్గే జలుబైతే. ప్రాజెక్ట్ అయిపోతే ఆ కాస్తా ఉండదు. అతను పెద్ద కార్ల కంపెనీలో పర్మనెంట్ ఇంజనీరు. అతని ప్లాన్‌లో ఆ డాక్టరమ్మ ఉంది, మంచి ఆసుపత్రులున్నాయి, మందులకి చేతినుంచి పెట్టేది చాలా తక్కువ. పిల్ల అతని ప్లాన్‌లోనే ఉండాలి. ఈ భూమ్మీద అతని దగ్గర్నుంచి నాకు కావలసింది ఆ ఒక్కటే. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

విడాకుల మాటలు ఒక అంకుల్ వాళ్ళ బేస్‌మెంట్‌లో జరిగాయి. ఆయన మాకు చుట్టం కాదు. ముప్ఫై ఏళ్ళ కిందట వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి, ఇక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళలో ఏ గొడవైనా ఆయన్నే పిలుస్తారు. కోర్టుకి వెళ్ళేలోపు మనలో మనం తేల్చుకుందాం అన్నారు, సరేనన్నాం. కింద పింగ్‌పాంగ్ బల్ల ఉంటే దాని మీదే పకోడీల ప్లేట్లు పెట్టారు. ఒకవైపు నేను, ఇంకోవైపు అతను, మధ్యలో నెట్ పక్కన అంకుల్. నెట్ తీయాలని ఎవరికీ తోచలేదు.

పిల్ల నా దగ్గర ఉంటుంది, రెండు వారాలకోసారి శని ఆదివారాలు అతని దగ్గరికి వెళ్తుంది. అంతవరకు బాగానే తేలింది. తర్వాత చైల్డ్ సపోర్ట్, అంటే పిల్ల ఖర్చుకి అతను నెలనెలా నాకివ్వాల్సిన డబ్బు. ఇక్కడ అది బేరమాడుకునే వ్యవహారం కాదు, దానికో లెక్క ఉంది. ఇద్దరి జీతాలు చూస్తారు, పిల్ల ఎవరింట్లో ఎన్ని రాత్రులు పడుకుంటుందో చూస్తారు, పిల్ల ఇన్సూరెన్స్‌కి ఎవరి జీతంలోంచి ఎంత పోతోందో చూస్తారు. ఇన్సూరెన్స్ ఖర్చుని ఇద్దరి జీతాలను బట్టి ఇద్దరి మీదా వేస్తారు. అంటే కట్టేది అతనైతే, అందులో నా వంతు అతను నాకిచ్చే దాంట్లోంచి తగ్గిపోతుంది. అంకుల్ లాప్‌టాప్‌లో ఆ లెక్క తెరిచి, ఒక్కొక్క గడీ నింపుకుంటూ వచ్చి, ఇన్సూరెన్స్ గడి దగ్గర ఆగారు.

"ఇక్కడెంత వెయ్యమంటావయ్యా?" అని అతన్ని అడిగారు.

అతనిది కరీంనగర్ వైపు. పకోడీ నములుతూ నా వైపు తిరిగి, ఈగని తోలినట్టు చెయ్యి ఊపాడు.

"ఇన్సూరెన్స్ నేను చూస్కుంట తియ్."

అంకుల్ గడిలో సున్నా కొట్టారు. లాయర్లు తర్వాత ఇంగ్లీషులో రాసిన ఒప్పందంలో తండ్రి పిల్లకి ఇన్సూరెన్స్ ఉంచాలి అని మాత్రం వచ్చింది. నేను సంతకం పెట్టాను.

ఆ తియ్ గురించి కాస్త చెప్పాలి. హోటల్లో బిల్లు రాగానే మగవాళ్ళు దాని మీద పడి గుంజుకోవడం మీరూ చూసే ఉంటారు. ఒకడు పర్సు తీస్తాడు, ఇంకొకడు వాడి చెయ్యి పట్టుకుంటాడు. చివరికి "నేను చూస్కుంట తియ్" అన్నవాడు గెలుస్తాడు. ఉత్త చూస్కుంట అయితే కాసేపు బతిమాలొచ్చు, తియ్ పడిందంటే ఇక మాట్లాడేది లేదు, అవతలివాడు పర్సు లోపల పెట్టుకోవాల్సిందే. రెండేళ్ళ తర్వాత ఫోన్ చేసి ఆ రోజు బిర్యానీలో నీ సగం పంపమని ఎవడూ అడగడు. అడిగితే నలుగురిలో మొహం ఎత్తుకోలేడు.

అతను అడిగాడు. ఈ మధ్యలో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ అమ్మాయి మీద నాకేం కోపం లేదని రాస్తే పెద్దరికంగా ఉంటుంది, కానీ ఉంది. ఒకరోజు కోర్టు నుంచి కవరు వచ్చింది. చైల్డ్ సపోర్ట్ మళ్ళీ లెక్క కట్టమని అర్జీ పెట్టుకున్నాడు. కిందటిసారి ఇన్సూరెన్స్ ఖర్చు లెక్కలోకి రాలేదట, ఇప్పుడు రావాలట. వేసిన అంకె చూస్తే ఫ్యామిలీ ప్లాన్ మొత్తం ప్రీమియం. తనకీ కొత్త పెళ్ళానికీ పిల్లకీ కలిపి కట్టేదంతా పిల్ల ఒక్కదాని ఖర్చుగా చూపించాడు. ఆ లెక్క నెగ్గితే స్కూలయ్యాక పిల్లని చూసుకునే చోట కట్టేంత డబ్బు నాకు నెలనెలా తగ్గిపోయినట్టే. వెంటనే ఫోన్ చేశాను.

"ఇదేంటి?"

"ఏది?"

"చూస్కుంట తియ్ అన్నావ్. అంకుల్ ముందే అన్నావ్."

"అన్న. చూస్కుంటలేనా మరి? పిల్ల నా ప్లాన్‌ల ఉందా లేదా? ప్రతి సంవత్సరం ఎన్‌రోల్ చేసుడు, వాళ్ళతోని ఫోన్ల మాట్లాడుడు, అన్ని నేనే చూస్కుంటున్న కదా. పైసలు నేనే పెట్టుకుంట అని ఎప్పుడన్న?"

ఒళ్ళు మండిపోయింది. "నీ పెళ్ళాం పళ్ళు క్లీన్ చేయించుకుంటే దానికీ నేనే వాటా ఇవ్వాలా?"

"మాటలు మంచిగ రానీ. నచ్చకపోతే పిల్లని నీ ప్లాన్‌ల పెట్టుకో. నేను తీసేస్త."

ఆ మాట కోపంలో నోరు జారి అన్నది కాదు. కూరగాయలు కొంటున్నట్టు తాపీగా అన్నాడు. డాక్టరమ్మ నా ప్లాన్ తీసుకోదని అతనికి తెలుసు. ఎమర్జెన్సీ గదిలో పిల్ల డొక్కలు ఎగరేస్తుంటే నా పక్కనే నిలబడి చూసిన మనిషి, అన్నీ తెలిసి అన్నాడు. దీన్ని నేను క్షమించలేదు. క్షమించెయ్యమ్మా అని చెప్పడానికి వచ్చినవాళ్ళకి ఇంట్లో కాఫీ కూడా ఇవ్వలేదు.

అంకుల్‌కి ఫోన్ చేశాను.

"అంకుల్, ఆ రోజు మీ బేస్‌మెంట్‌లో అతనేమన్నాడో మీరు కోర్టులో చెప్పాలి. వీడియోలోనే. ఇంట్లోంచి కదలక్కర్లేదు."

"కోర్టుదాకా ఎందుకమ్మా? మనలో మనం కూర్చుని..."

"మనలో మనం కూర్చునే కదండీ ఇంత చేసుకున్నాం."

ఆయన నీళ్ళు నమిలారు. "నిజం చెప్పాలంటే నాకా ముక్క సరిగ్గా గుర్తులేదమ్మా. అప్పుడు నేను టీ కోసం పైకి వెళ్ళానేమో."

"గడిలో సున్నా వేసింది మీరే కదా అంకుల్. పైనుంచి వేశారా?"

కాసేపు టీవీ చప్పుడు వినపడింది. ఆంటీ ఎవరని అడగడం, ఈయన ఎవరూ లేదులే అనడం కూడా వినపడ్డాయి.

"నువ్వు మా అమ్మాయి లాంటిదానివి కాబట్టి చెప్తున్నాను. అతను ఇప్పుడు మన అసోసియేషన్ ట్రెజరర్. ఉగాది ఫంక్షన్ దగ్గరికొచ్చింది. హాల్ అడ్వాన్స్ అంతా అతని చేతిమీదుగానే నడుస్తోంది. నన్ను ఇందులో ఇరికించొద్దమ్మా."

చివరి ముక్క ఒక్కటే ఆయన నిజం చెప్పారు. ఆ తర్వాత ఆయన కొట్లో ఎదురైనా నేను పలకరించలేదు. ఒకసారి పప్పుల వరస దగ్గర ఎదురుపడితే ఆయనే బండి తిప్పుకుని పచ్చళ్ళ వైపు వెళ్ళిపోయారు.

కోర్టు తరఫున ఈ తగవులు వినే మనిషిని మా కౌంటీలో రిఫరీ అంటారు. మొదటిసారి విన్నప్పుడు కబడ్డీ గుర్తొచ్చి నవ్వాను. విచారణ రోజు నవ్వు రాలేదు. మేనేజర్‌కి డాక్టర్ అపాయింట్‌మెంట్ అని చెప్పి, ఆఫీస్ పార్కింగ్‌లో నా కారులోనే కూర్చుని ఫోన్‌ని స్టీరింగ్‌కి ఆనించాను. హీటర్ చప్పుడు మైక్‌లో పడుతుందని ఆపేశాను. వేళ్ళు కొయ్యబారిపోతున్నాయి. నాకు లాయర్ లేడు. పెట్టుకునే స్తోమత ఉంటే ఆ డబ్బుతో ఇంకా చాలా పనులున్నాయి. అతను తన లాయర్ ఆఫీసులో, లాయర్ పక్కనే తోలు కుర్చీలో కూర్చుని కనిపించాడు. నీలం చొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా నేను కొన్నదే.

రిఫరీ పెద్దావిడ, మెడలో గొలుసుకి కళ్ళద్దాలు వేలాడుతున్నాయి. నన్నే ముందు చెప్పమంది. నేను తియ్ గురించి చెప్పాను. హోటల్ బిల్లు గురించి, పర్సు లోపల పెట్టుకోవడం గురించి, పింగ్‌పాంగ్ బల్ల మీద సున్నా గురించి అంతా ఇంగ్లీషులో చెప్పాను. చెబుతుంటేనే తెలిసిపోతోంది, ఆ మాట నా నోట్లోనే నీరుగారిపోతోందని. గుంటూరు బస్టాండులో ఎవర్ని అడిగినా అర సెకనులో చెప్పే సంగతి, అక్కడ బొమ్మలేసి చూపించాల్సి వచ్చింది.

అతని లాయర్ గొంతు సవరించుకున్నాడు. తన క్లయింట్ చెప్పిన ప్రకారం ఆ మాటకి అర్థం దాని పనులు చూస్తాను అని మాత్రమేనట, ఖర్చు భరిస్తానని కాదట. పక్కన అతను తల ఊపాడు. హోటళ్ళలో ఆ మాట అని ఎన్ని బిల్లులు గుంజుకున్నాడో నేను కళ్ళారా చూశాను. ఇప్పుడు నాలుగు డాలర్ల కోసం ఆ మాటకి అంత అర్థం లేదని తెల్లవాళ్ళ ముందు తల ఊపాడు. వాళ్ళమ్మ వింటే సిగ్గుపడేది.

రిఫరీ కళ్ళద్దాలు పెట్టుకుని కాగితాలు చూసింది. బేస్‌మెంట్‌లో ఎవరేమన్నారో ఆర్డర్‌లో లేదని, లేనిదాన్ని తాను చూడలేనని, ఇన్సూరెన్స్ ఖర్చు ఇకమీద లెక్కలోకి రావాల్సిందేనని చాలా మర్యాదగా చెప్పింది. అతని పెదవి ఒక పక్కకి కదిలింది. ఆ నవ్వు నాకు తొమ్మిదేళ్ళు తెలుసు.

అప్పుడు రిఫరీ అతన్ని అడిగింది. "ఈ ప్లాన్‌లో ఎంతమంది ఉన్నారు?"

"అది ఫ్యామిలీ ప్లాన్," అన్నాడు లాయర్.

"ప్లాన్ పేరు అడగలేదు. మనుషులు ఎంతమంది? ప్రీమియం మొత్తం ఈ పాప మీద వేయడం కుదరదు. ప్లాన్‌లో ఉన్న తలలతో భాగించి పాప వంతు మాత్రమే తీసుకుంటాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. అతను, ఆవిడ, మా పిల్ల. మూడో వంతు. చలికి బిగుసుకుపోయిన వేళ్ళ మీద అప్పుడే లెక్క కట్టడం మొదలుపెట్టాను. అతను మాత్రం తోలు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

"సార్, మీరు ప్రమాణం చేసి ఉన్నారు," అంది రిఫరీ.

"ఫోర్," అన్నాడు.

లాయర్ పక్కకి తిరిగి అతన్ని చూశాడు.

"నాలుగో మనిషి ఎవరు?" అంది రిఫరీ.

"మై సన్. హీ ఈజ్ టూ మంత్స్ ఓల్డ్."

లాయర్ మైక్ ఆపడం కూడా మరిచిపోయాడు. "ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు?" అన్నది మా అందరికీ వినపడింది. ఆ మనిషికి ఎందుకంత మండిందో నాకు తర్వాత అర్థమైంది. ఇంట్లో ఇంకో బిడ్డ ఉంటే, వాడినీ పోషించాలి కాబట్టి లెక్కలో అతనికి కొంత తగ్గిస్తారు. అర్జీలో మొదటి వాక్యంగా రాసుకోవాల్సిన సంగతి అది. పైసా వచ్చే దారి ఉంటే అర్ధరాత్రైనా లేచి వెళ్ళే మనిషి, నోటిదాకా వచ్చిన లాభాన్ని ఎందుకు మింగేశాడో నాకు అంతుపట్టలేదు.

నాకు అసలు వినపడుతున్నది వేరే. మా పిల్లకి తమ్ముడు పుట్టాడు. రెండు నెలలైంది. ఆవిడ నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్‌లో ఉండే వాళ్ళక్క దగ్గరికి వెళ్ళిందని పిల్ల ఎప్పుడో అంటే, నేను విని వదిలేశాను. అతను ఆఫీస్ ట్రిప్ అంటూ వరసగా వీకెండ్లు ఎగ్గొట్టినప్పుడు కూడా తిట్టి ఊరుకున్నాను. కాన్పుకి వెళ్ళిందన్నమాట. పిల్లకీ చెప్పి ఉండరు, చెబితే అది ఇంటికొచ్చి నాకు చెప్పకుండా ఉంటుందా అనుకున్నాను. నా కూతురికి తమ్ముడు పుట్టిన సంగతి నేను ప్రీమియం భాగహారంలో తెలుసుకోవాల్సి వచ్చింది. నాకు కలిగింది అసూయ కాదని ఒట్టేసి చెప్పలేను.

రిఫరీ నాలుగుతో భాగించింది. కొత్త బిడ్డ పేరు మీద అతనికి కొంత తగ్గించింది. అటు తిప్పి ఇటు తిప్పి, నాకు తగ్గింది చాలా కొంచెం. ఇంకేమైనా చెప్పాలా అని అడిగితే, నేను అడగాల్సింది అడిగాను. "పిల్లని ప్లాన్‌లోంచి తీసేస్తానన్నాడు. తీసెయ్యొచ్చా?"

రిఫరీ అతని వైపు చూసింది. ఇంత మంచి ప్లాన్ ఇంత తక్కువ ఖర్చులో అతనికి దొరుకుతున్నంతకాలం పాపని అందులోంచి తీయడానికి వీల్లేదని, అది ఆర్డర్‌లో రాస్తున్నానని చెప్పింది. ఇంకోసారి అడిగాను, ఇంకోసారి చెప్పింది. ఫోన్ ఆపి, హీటర్ వేసి, చేతులు దాని ముందు పెట్టుకుని కూర్చున్నాను. డాక్టరమ్మ మాకు మిగిలింది. వెళ్ళి పని చేసుకున్నాను.

సాయంత్రం అతనే ఫోన్ చేశాడు.

"గెలిచినవ్ కదా. ఖుషీయేనా?"

"కొడుకు పుట్టాడని చెప్పడానికి నీకు రిఫరీ కావాల్సొచ్చిందా?"

"మా ఇంట్ల విషయాలు నీకెందుకు?"

"నా కూతురికి తమ్ముడు. దానికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

అటువైపు తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత "నువ్వు దానితోని ఏం మాట్లాడకు" అని పెట్టేశాడు. ఎప్పుడూ ఉండే పొగరు ఆ గొంతులో లేదు, భయం ఉంది. ఏం చూసి భయపడుతున్నాడో అనుకున్నాను.

మరుసటి వారం పిల్లకి డాక్టరమ్మ దగ్గర చెకప్. ఊపిరి బాగుందని, వసంతంలో పుప్పొడి ఎగిరే రోజుల్లో కాస్త జాగ్రత్తగా ఉండమని, సాకర్ ఆడుకోవచ్చని చెప్పింది. పిల్ల ఎగిరి గంతేసింది. నాకూ ఆ రోజు మనసు తేలికగా ఉంది. ఆ తేలికలోనే, కారు రోడ్డెక్కాక, అతను వద్దన్న మాట చెప్పేద్దామనుకున్నాను. ఎంతో నెమ్మదిగా, తీపిగా మొదలుపెట్టాను.

"నీకో గుడ్ న్యూస్ చెప్పాలమ్మా. నాన్న వాళ్ళింట్లో ఒక చిన్న బేబీ..."

అద్దంలో చూశాను. పిల్ల రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"నేను చెప్పలేదు," అంది వేళ్ళ సందుల్లోంచి. "అమ్మా, ఐ స్వేర్ నేను చెప్పలేదు. నీకు ఎవరు చెప్పారు?"

"నీకు తెలుసా?"

"బేబీ ఆంటీ టమ్మీలో ఉన్నప్పుడే తెలుసు. నాన్న ప్రామిస్ చేయించాడు. అమ్మకి చెప్పొద్దు అని. ఎవరికీ చెప్పొద్దు అని."

"ఎందుకట?"

"నీ డిష్టీ వస్తుంది బేబీకి. అందుకు."

దాని నోట్లో పడి దిష్టి డిష్టీ అయింది. నాకు వెంటనే తట్టలేదు. తట్టాక కారు పక్కకి తీసి, ఒక మూసేసిన కొట్టు ముందు ఆపాను. కార్లకి బ్రేకులు తయారుచేసే ఇంజనీరు, నా కన్ను పడితే కొడుక్కి ఏమవుతుందోనని సొంత లాయర్ దగ్గర కూడా వాణ్ణి దాచాడు. ఏడేళ్ళ పిల్ల నోటికి తాళం వేశాడు. ఇన్ని నెలలూ అది నా పక్కలో పడుకుని, నా చేత్తో అన్నం తిని, ఈ మాటని లోపల పెట్టుకు తిరిగింది. తెలిసిన తిట్లన్నీ నాలుక మీదికి వచ్చాయి. తెలుగులో మనకి కొదవ లేదు. నోరు తెరిచాను.

పిల్ల సీట్‌బెల్ట్ లాక్కుని ముందుకి వంగింది.

"అమ్మా, డిష్టీ ఆస్తమా లాగా ఉంటుందా? నీకు ఎప్పుడు వచ్చింది?"

"నాకేం రాలేదమ్మా."

"నాన్న చెప్పాడు నీకు ఉంది అని." కాసేపు ఆలోచించింది. "బట్ నాకు రాలేదు. నేను డైలీ నీ పక్కన పడుకుంటా కదా, నాకు రాలేదు. సో అది చిన్నదే అమ్మా. భయపడకు."

నాలుక మీదున్న తిట్లన్నీ మింగేశాను. ఇన్నేళ్ళలో అతని ముందు, అంకుల్ ముందు, రిఫరీ ముందు ఎప్పుడూ అలా మింగింది లేదు నేను.

"అందుకేనా నువ్వు మా ఇన్సూరెన్స్‌లో లేవు?" అంది. "నాన్న, ఆంటీ, బేబీ, నేను ఉన్నాం. డిష్టీ ఉంది అని నిన్ను తీసేశారా?"

"లేదమ్మా. నాకు వేరేది ఉంది."

"అది బ్యాడ్ ఇన్సూరెన్స్. నువ్వే చెప్పావు ఫోన్‌లో."

జిప్ చప్పుడైంది. తన చిన్న బ్యాగులో వెతికి, ప్లాస్టిక్ కార్డు తీసి, రెండు సీట్ల మధ్యలోంచి చెయ్యి చాపింది. స్కూల్లో నర్సుకి చూపించాల్సి వస్తుందని అతనే దానికి ఒకటి ఇచ్చి ఉంచాడు.

"వెనక్కి వెళ్దాం అమ్మా. డాక్టర్ ఇంకా ఉంటుంది. నాది ఇచ్చి నీ డిష్టీ చూపించుకో."

వద్దని చెప్పాను. పెద్దవాళ్ళకి ఆ డాక్టరు పనికిరాదని చెప్పాను. చెయ్యి వెనక్కి తీయలేదు. భుజం నొప్పెడుతుందేమో, ఇంకో చేత్తో మోచెయ్యి పట్టుకుని అలాగే చాపి ఉంచింది. చివరికి తీసుకున్నాను.